ఒరిగిన గవ్వ

పౌర్ణమి. పెద్ద పోటు.

ఈ దినచర్య రాయమన్నది పెద్ద గవరయ్య. మా ఉప్పుగట్టుకి పెద్ద ఆయనే కాబట్టి కాదనలేకపోయాను. నా తరవాత ఎత్తుగడ మనిషిగా ఎవరొస్తారో వాళ్లకి పనికొస్తుందట. చేత్తోనే రాయాలి, ఏ మర కంటా పడనివ్వకూడదు. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. చదివేవాళ్లు సర్దుకుపోవాలి.

పొద్దున్నే ఉప్పు కొనే సేట్లు పడవల మీద దిగారు. కళ్లకి అద్దాలు, అద్దాల్లో సోది. దానికి అసలు పేరేదో పొడుగ్గా ఉంది గానీ మా గట్టు మీద అందరం సోది అనే అంటాం. మనం ఇదివరకు చేసినవన్నీ నెమరేసుకుని, ఇప్పుడు చేయబోయేది మనకంటే ముందే చెప్పేస్తుంది. "వీళ్లు మూడో బేరానికి మెత్తబడతారు" అని అది చెవిలో ఊదితే సేటు రెండు బేరాలదాకా పళ్లికిలిస్తూ కూర్చుంటాడు. ఒకప్పుడు మా ఉప్పంతా అలాగే మట్టి రేటుకి పోయింది.

ఇప్పుడు నా దగ్గర నాలుగు గవ్వలున్నాయి. ఏ బేరానికి ఒప్పుకోవాలో, ఎక్కడ లేచి వెళ్లిపోవాలో నేను అనుకోను. గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి గవరయ్య చెవిలో చెబుతాను. నాకే తెలియని సంగతి సోదికెలా తెలుస్తుంది? ఇవాళ మొదటి బేరానికే లేచి వెళ్లిపొమ్మన్నాయి. గవరయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు. సేటు మొహం మాడిపోయింది. పడవ తాడు విప్పినట్టే విప్పి, మళ్లీ కట్టి, మేమడిగిన రేటే ఇచ్చాడు. ఎప్పుడూ లేచి వెళ్లిపోతామంటే ఎవరూ బెదరరు. ఎప్పుడు లేచి వెళ్లిపోతామో తెలియకపోతేనే బెదురుతారు. నా విద్యంతా ఇంతే.

మధ్యాహ్నం గిన్నెలు ఇసకతో తోమి, ఒక్క చెంబుతో తొలిచి, ఆ నీళ్లే తోటకూర మడికి పోశాను. ఎండ తగ్గాక అన్నయ్య సత్తెయ్యని రక్తం కడిగే షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన మూత్రపిండాలు ఎప్పుడో పని మానేశాయి. ఒక మనిషి రక్తం ఒకసారి కడగాలంటే ఒక ఇంటిల్లిపాది రోజుల తరబడి తాగే నీళ్లు పోవాలి. మంచినీళ్ల తూము నిండుగా వస్తేనే షెడ్డు తెరుస్తారు. సగం తూమైతే ముందు మూసేది దాన్నే. కిందటిసారి మూసినప్పుడు ఖాళీ అయిన మంచాల సంగతి రాయడం నా వల్ల కాదు.

"ఈపాలి గెలుత్తారా నేదా సెప్పీయే తవిటీ. దాన్నిబట్టి కొత్త సొక్కా కుట్టించుకుంతాను" అన్నాడు అన్నయ్య, చేతికి గొట్టాలు తగిలిస్తుంటే.

"రెండు కుట్టించుకో నాన్నా" అంది పక్కనే నిలబడ్డ అసిరి.

అసిరి ఆయన కూతురు, నా మేనకోడలు. తల్లి పోయాక నా చేతి కిందే పెరిగింది. మా చెడుగుడు జట్టులో కూతకి దాన్ని మించినవాళ్లు లేరు.

విదియ.

కొత్తగా వచ్చేవాళ్లకి ఆట సంగతి చెప్పాలి కదా. సముద్రం ముందుకొచ్చాక మాకూ, అవతలి గట్టు కొత్తరేవుకీ మంచినీళ్ల తూము ఒక్కటే మిగిలింది. కొన్నేళ్లు కత్తులతో తేల్చుకున్నాం. తరవాత నీళ్ల కంపెనీ వచ్చి, చెడుగుడు ఆడి తేల్చుకోమంది. ఐదాటల్లో మూడు గెలిచినవాళ్లకి ఆర్నెల్ల కాలానికి నిండు తూము, ఓడినవాళ్లకి సగం. టిక్కెట్లు అమ్ముకునేది కంపెనీ. రెండు గట్లూ చెరిసగం పంచుకుంటే షెడ్డుకి కోత పడదా అని నేనోసారి లెక్కవేసి చూపించాను. నిజంగానే పడదు. గవరయ్య తల ఊపాడు. "మనం ఆట మానీసినాక ఆలు మానకపోతేనో?" అన్నాడు. కొత్తరేవులోనూ ఎవరో ఇదే మాట అనే ఉంటారు.

ఆడేది ఆడవాళ్లే. మగవాళ్ల ఊపిరి ఉప్పుమిల్లు పొడికి పోయింది, నాలుగడుగులకే దగ్గొస్తుంది. కూత పట్టాలంటే గుండె నిండా గాలి ఉండాలి.

బరి పాత జెట్టీ మీద. పోటుకి మునిగిపోతుంది కాబట్టి ఆటు వేళే ఆడాలి. కూతకి వెళ్లే మనిషికి మూడు దారులు. కుడివైపు గట్టు, అంటే జనం నిలబడే వైపు. మధ్యలో నడుము. ఎడమవైపు రాళ్లు. ఆ మూలకి అవతల గోడా లేదు, తాడూ లేదు, కింద అలల్ని ఆపడానికి పోసిన కాంక్రీటు దిమ్మలు. ఆ చివర ఒక తెల్లగడి గీసి ఉంటుంది. కూత తెగకుండా అందులో కాలు పెడితే చాలు, తిరిగి రాకపోయినా రెండు పాయింట్లు. గట్టు, నడుము దారుల్లో ఒకరిని తాకి తిరిగొస్తే ఒక పాయింటు.

రాళ్ల వైపు అస్తమానూ వెళ్లమంటే పిల్లలు చస్తారు. అసలెప్పుడూ వెళ్లకపోతే ఆ మూల కాసే మనిషి మూల వదిలేసి నడుముకి వస్తుంది, అప్పుడు గట్టు దారీ నడుము దారీ కూడా మూసుకుపోతాయి. రాళ్ల గడి మాకు పాయింట్ల కోసం కాదు, భయం కోసం. అందుకని నాలుగు గవ్వలూ ఒకేలా పడితే, అన్నీ వెల్లకిలా గానీ అన్నీ బోర్లా గానీ, రాళ్లు. అరుదుగా పడతాయి. పడ్డప్పుడు మాత్రం ఎవరైనా వెళ్లాల్సిందే. నేను టార్పాలిన్ డేరాలో కూర్చుని గవ్వలు వేస్తాను. పిల్ల లోపలికి తల పెడుతుంది. గట్టు, నడుము, రాళ్లు, ఈ మూడు మాటల్లో ఒకటి చెబుతాను.

ఒక గవ్వ ఇంకోదాని మీద వాలి, ఇటూ అటూ కాకుండా నిలబడితే దాన్ని ఒరుగు అంటాం. ఒరిగిన పందెం లెక్కకి రాదు, మళ్లీ వెయ్యాలి. మా ముత్తవ్వల నాటి నుంచీ అంతే.

కిందటి కాలంలో మా జట్టు పోలమ్మ రాళ్ల మీద పడింది. నాలుగూ బోర్లా పడ్డాయి, నేను చెప్పాను, అది వెళ్లింది. తలకాయ పగిలి అక్కడే పోయింది. అప్పట్నుంచీ ఇత్తడి పళ్లెం మానేసి, మడత పెట్టిన తువ్వాలు మీద వేస్తున్నాను. మోత బయటికి వినపడకుండా ఉంటుందని.

చవితి. మొదటి ఆట.

గెలిచాం. మా నీలవేణి కూతకి వెళ్లినప్పుడు ఒకసారి రాళ్లు పడ్డాయి. మొహం పాలిపోయినా వెళ్లింది, గడిలో కాలు పెట్టింది, మూల కాసే కొత్తరేవు చుక్కమ్మ కాలు అందుకునేలోగా వెనక్కి దూకింది. జెట్టీ అంతా ఈలలు. అన్నయ్య షెడ్డులోంచే వినిపించాయన్నాడు.

నీలవేణి నీళ్ల ముంత అందుకుంటూ, "మీ గవ్వలికి సుట్టరికం తెలుసేటి తవిటమ్మా? మాకేమో రాళ్లు, మీ గుంటకేమో గట్టు!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గెలిచిన రోజు ఎవరేమన్నా తియ్యగానే ఉంటుంది.

సప్తమి. రెండో ఆట.

ఓడిపోయాం. చిత్తుగా.

అసిరిని ఏడిపించి వదిలిపెట్టారు. అది కూతకి బయలుదేరగానే చుక్కమ్మ తన మూల వదిలేసి నింపాదిగా నడుముకి వచ్చేసింది. మిగతావాళ్ల కూతకి మూలలోనే కాళ్లు పాతుకుని నిలబడ్డ మనిషి, అసిరి వచ్చినప్పుడు మాత్రం నడుములో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. గట్టు వైపు నలుగురు, నడుములో ముగ్గురు. అసిరి ఎటు తిరిగినా చేతులే. కూత తెగిపోయి మోకాళ్ల మీద కూలబడి నాకేసి చూసింది. దాని చూపులో నిష్ఠూరం లేదు, అయోమయం ఉంది.

అవతల వాళ్ల డేరాలో ముకుందం కూర్చుని ఉంటాడు, కొత్తరేవు ఎత్తుగడ మనిషి. గవ్వలూ గివ్వలూ ఏమీ లేవు వాడికి. నీళ్ల కంపెనీ దగ్గర సోదిని అద్దెకి తెచ్చుకున్నాడు. అయినా సోది నా గవ్వల్ని చదవలేదు. ఎవరూ చదవలేరు. ఎవరో మా మాట అమ్ముకుంటున్నారు.

నవమి.

రెండు రోజులు దొంగని వెతకడంతోనే సరిపోయింది. డేరా అంతా విప్పి చాటుగా వినే మరల కోసం దులిపాను, ఒక ఎండు పీత దొరికింది. దారి పేర్లు మార్చాను. అసిరి కూతలో ఏదైనా తెలిసిపోతోందేమోనని, గుక్క తిప్పుకోకుండా "చెడుగుడు" బదులు ఇంకేదైనా అనమన్నాను. అది నవ్వి "సత్తెయ్య కూతురు, సత్తెయ్య కూతురు" అంటూ ఇల్లంతా తిరిగింది.

ఇక చివరికి నీలవేణిని పట్టుకున్నాను. చుట్టరికం మాట అన్నది అదే కదా, ఏడుపు దానికే ఉందనుకున్నాను. అందరి ముందూ "ఎంతకి అమ్మావు?" అని అడిగేశాను.

"నానా? పోలమ్మ మా అప్ప కూతురు. అది సచ్చిన రాళ్లకే నన్ను పంపితే మారు మాటాడకుంట ఎల్లొచ్చినాను. నన్నా అడుగుతన్నావు?" అని, మెడలో కట్టుకున్న జట్టు గుడ్డ విప్పి నా ఒళ్లో పడేసింది.

గవరయ్య వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు. నేను వెళ్లలేదు. తప్పు నాది కాదన్న మొండితనం ఒకటి నాలో ఉంది, పుట్టుకతో వచ్చింది.

ఏకాదశి. మూడో ఆట.

మళ్లీ ఓటమి. మళ్లీ అలాగే. అసిరి వస్తే చుక్కమ్మ నడుముకి. ఈసారి చుక్కమ్మ నవ్వింది కూడా.

షెడ్డు వాళ్లు అప్పుడే మంచాలు లెక్కపెట్టుకుంటున్నారు. ఇంకొకటి ఓడితే మూసెయ్యడమే. అన్నయ్య చొక్కా మాట ఎత్తడం మానేశాడు.

ద్వాదశి.

పొద్దున అసిరి మోకాలికి పసుపు రాస్తున్నాను. అది గోడకి జేరబడి, ఉన్నట్టుండి అడిగింది.

"అత్తా, నాకెప్పుడూ రాళ్లు రానేదేటి?"

"గవ్వలు అలా పడ్డాయి" అన్నాను.

"నీలికి పడ్డాయి. రత్తికి పడ్డాయి. కిందటేడు పోలమ్మకి పడ్డాయి. నాకొక్కదానికే పడవేటి?"

నా చెయ్యి దాని మోకాలి మీదే ఆగిపోయింది. ఎందుకంటే పడ్డాయి. దాని కూతకి కూడా నాలుగూ ఒకేలా పడ్డాయి, ఒకసారి కాదు. పడ్డ ప్రతిసారీ ఏదో ఒక గవ్వ నా కంటికి ఒరిగినట్టు కనిపించింది. తువ్వాలు మడత మీద ఏ గవ్వైనా కాస్త పక్కకి వాలే ఉంటుంది, ఒరిగిందనుకుంటే ఒరిగినట్టే. నీలవేణి పందెంలో అదే వాలు నాకు కనపడలేదు. అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియను కూడా తెలియదు. నిజంగా ఒరిగిందనే అనుకుని, మళ్లీ వేశాను.

సోది గవ్వల్ని చదవలేదు, చదవనవసరమే లేదు. అది చదివింది నన్ను. ఈ మనిషి తన మేనకోడల్ని రాళ్ల వైపు పంపదు, ఇంతే. చంటిపిల్లలకి కూడా తెలిసే ఈ ముక్క చెప్పడానికి ముకుందం అంత అద్దె కట్టాడంటే నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది.

అసిరికి అంతా చెప్పాను. అది నా చేతిలోంచి పసుపు గిన్నె తీసుకుని, మిగిలింది తనే రాసుకుంది.

"ఇక తువ్వాలు ఒగ్గీ" అంది. "పల్లెం తియ్యి."

నీలవేణి ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టింది, రమ్మనలేదు. "నీ మాటే నిజం, నా గవ్వలకి చుట్టరికం తెలుసు" అన్నాను. నా మొహం వంక చూసి, "తెలుసమ్మా. ఆటొదులుకోను గానీ నువ్వెల్లు" అని తలుపేసుకుంది.

డేరాలో నా చోట ఇంకొకరిని కూర్చోబెట్టమని గవరయ్యని అడిగాను. కుదరదన్నాడు. కాలం మొదట్లో కంపెనీకి పేరు ఇచ్చిన మనిషే చివరిదాకా ఉండాలి. పోనీ అసిరిని తప్పిద్దామా అంటే, దాని కూత లేకపోతే మా జట్టే లేదు.

త్రయోదశి. నాలుగో ఆట.

ఇత్తడి పళ్లెంలో వేశాను. గవ్వలు గలగలమని మోగాయి, బయట అందరూ విన్నారు, విననీ. ఒక్కసారి కూడా ఒరుగు అనలేదు. నీలవేణీ రత్తీ కలిసి గెలిపించారు, అదీ చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు.

అసిరి కూతకి రాళ్లు పడలేదు. అది వెళ్లినప్పుడల్లా చుక్కమ్మ నడుములోకి వచ్చేసింది. మూల ఖాళీగా, తెల్లగడి ఎండలో మెరుస్తూ. దొంగ ఆలోచన ఒకటి వచ్చింది నాకు. గవ్వల్ని పక్కన పెట్టి ఇప్పుడే దీన్ని రాళ్ల వైపు తోసేస్తే? అక్కడెవరూ లేరు. వాళ్లు నమ్మేశారు కాబట్టి ఇప్పుడంత సులువు ఇంకెప్పుడూ ఉండదు. కానీ నాకు ఆ ఆలోచన వస్తుందని సోదికీ తోస్తే? నేను కనిపెట్టేశానని వాళ్లు కనిపెట్టేస్తే? ఈ దారిలో వెళ్తే మనిషి పిచ్చెక్కి తిరగాల్సిందే. గవ్వలు చెప్పిందే చెబుతానని ఒట్టు పెట్టుకున్నాను.

అమావాస్య. ఐదో ఆట.

ఇవాళే రాయాలి, రేపటికి నన్ను నేనే మభ్యపెట్టుకుంటాను.

అమావాస్య ఆటుకి నీళ్లు బాగా వెనక్కి పోయాయి. దిమ్మలన్నీ నాచుతో సహా బయటపడ్డాయి. మామూలు రోజుల్లో పడితే కాస్తయినా నీళ్లుంటాయి.

చివరి కూత మాది. ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. ఒకటి తెస్తే సమానం, సమానమైతే ఐదాటల్లో మొత్తం పాయింట్లు ఎక్కువున్నవాళ్లదే తూము, అంటే కొత్తరేవుదే. రెండు కావాలి. రెండొచ్చేది రాళ్ల గడిలోనే. కూతకి వెళ్లాల్సింది అసిరి.

తల డేరాలోకి పెట్టింది. చెమటకి ఉప్పు పేరుకుని కనుబొమలు తెల్లగా ఉన్నాయి. గవ్వలు వేశాను.

మూడు వెల్లకిలా. నాలుగోది కూడా వెల్లకిలే, కానీ పక్క గవ్వ మీద వాలి నిలబడింది. తువ్వాలు కాదు, ఇత్తడి పళ్లెం. ఈసారి నిజంగా ఒరిగింది. దాని కింద బియ్యపు గింజ దూరేంత సందు ఉంది.

"ఒరిగింది" అన్నాను. చెయ్యి చాచాను ఏరడానికి.

అసిరి నా మణికట్టు పట్టుకుంది. "ఒరగనేదత్తా. పలకలాగ పడ్డాది. నీకలాగే అగుపిస్తాది."

బయట ఈల వేశారు. నేను మళ్లీ చూశాను. ఇన్నాళ్లూ ఒరగనివాటిని ఒరిగాయని చూసిన కళ్లు కదా ఇవి, వీటిని నమ్మకూడదని అనుకున్నాను. అలా అనుకున్నానని రాస్తే బావుంటుంది. నిజం అది కాదు. షెడ్డులో గొట్టాలు తగిలించుకున్న మా అన్నయ్య చెయ్యి కళ్ల ముందుకొచ్చింది. అంతే, "రాళ్లు" అన్నాను. ఆ మాట అసిరి నోట్లోంచి రాలేదు, నా నోట్లోంచే వచ్చింది.

అది వెళ్లింది. చుక్కమ్మ అప్పటికే నడుములో ఉంది. అసిరి గట్టు వైపు రెండడుగులు వేసి, ఒక్కసారిగా ఎడమకి తిరిగింది. జనం గొంతులన్నీ ఒకేసారి ఆగిపోయాయి. దాని కూత ఒక్కటే వినిపించింది. "సత్తెయ్య కూతురు, సత్తెయ్య కూతురు". కాలు తెల్లగడిలో పడింది. రిఫరీ రెండు వేళ్లు ఎత్తాడు.

అప్పుడు చుక్కమ్మ పరిగెత్తుకొచ్చింది. తన మూలకి తను, నడుములోంచి, ప్రాణం పెట్టి. ఆగలేకపోయింది. ఇద్దరూ కలిసి అంచు దాటారు.

పంచమి.

చుక్కమ్మకి చెయ్యి విరిగింది. అసిరికి నడుము విరిగింది. కాళ్లు ఇక రావని షెడ్డు డాక్టరమ్మ చెప్పింది. మెల్లగా చెప్పింది పాపం, ఎలా చెప్పినా అదే మాట.

కట్టు చేతితోనే చుక్కమ్మ పడవెక్కి వచ్చింది. కొత్తరేవు మనిషి మా గట్టు మీద కాలు పెట్టడం ఎప్పుడూ లేదు. మంచం పక్కన నిలబడి, "అంచు మీదున్నాదని పట్టుకుందావనే ఎల్లాను. ఊపు ఆగనేదు. నెట్టినాననుకోకండి" అంది. అనుకోలేదన్నాను. అది తన మూలలోనే నిలబడి ఉంటే అసిరిని కాలో చెయ్యో పట్టి ఆపేది, మేం ఓడేవాళ్లం, పిల్ల నడిచేది. అది పరిగెత్తాల్సి వచ్చింది తన చోట లేకపోబట్టి. తన చోట లేకపోయింది నా తువ్వాలు వల్ల. అసిరిని కాపాడదామని నేను చూసిన ప్రతి దొంగ ఒరుగూ చుక్కమ్మని ఒక్కో అడుగు నడుములోకి జరిపింది. వెళ్లిపోయే ముందు చుక్కమ్మ నన్నొక మాట అడిగింది, వాళ్ల రక్తం కడిగే షెడ్డుని రేపు మూసేస్తున్నారట, వాళ్ల అత్తని మా షెడ్డుకి తీసుకురావచ్చా అని. గవరయ్యనడగాలి అన్నాను. గవరయ్య ఏమంటాడో నాకు గవ్వలు వేయకుండానే తెలుసు.

గవరయ్య మాత్రం ఉషారుగా ఉన్నాడు. "ఇంక సూసుకో తవిటమ్మా. మేనకోడల్నే రాళ్లకి పంపిన మనిషని సోది రాసుకునుంటాది. వొచ్చే కాలం ఆల మూల మనిషి మూల ఒగ్గి కదల్దు. మన గుంటలెవులూ రాళ్లకెల్లక్కర్నేదు, గట్టు మీంచే గెలిసీయొచ్చు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. లెక్క ప్రకారం ఇంతకంటే మంచి ఎత్తుగడ లేదు. ఆయన మొహాన గవ్వలు విసిరికొట్టాలనిపించింది.

తూము నిండుగా పారుతోంది. షెడ్డులో రెండు మంచాలు పక్కపక్కనే వేశారు, ఒకదాని మీద అన్నయ్య, ఒకదాని మీద అసిరి. ఆయన రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే ఇటు తిరిగి కూతురి పాదాలకేసే చూస్తూ ఉన్నాడు.

"నా ముసలి పేనానికి ఇంత నీరు పోయించినారు" అన్నాడు చివరికి. "దీనివల్ల మనకేటి ఒరిగిందే తవిటీ?"

ఆయనకి గవ్వ సంగతి తెలియదు. మామూలుగా అడిగాడు, ఏం మిగిలింది, ఏం లాభం అని. ఆ మాట వినగానే అసిరి నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా ఆపుకోలేకపోయింది. అన్నయ్య నిద్రలోకి జారేదాకా ఆగి, దాని చెవి దగ్గర వంగాను.

"ఆ గవ్వ ఒరిగిందే. ఎందుకబద్ధం ఆడావు?"

నా మొహంలోకి చూసింది. కోపం లేదు, జాలి లేదు. చిన్నప్పుడు అన్నం తినిపిస్తుంటే నోరు తెరిచి చూసినట్టు చూసింది.

"నువ్వూ సూసావు గదత్తా."

నా తరవాత ఈ డేరాలో కూర్చునే మనిషీ, నీకోసమే ఇదంతా రాయమన్నారు కాబట్టి చెబుతున్నాను. పళ్లెంలోనే వెయ్యి. ఒరిగితే ఒరిగిందను, ఎవరు చెయ్యి పట్టుకున్నా సరే. అమావాస్య నాడు ఆఖరి పందెంలో నాలుగో గవ్వ ఒరిగింది. నేను చూశాను.